డిప్ప ఏర్పడలేదా, తరిగిపోయిందా? – ఆర్కెలాన్ వర్గీకరణపై విమర్శ

అంతరించిపోయిన సముద్రపు తాబేళ్లను గురించి వ్రాసే జనప్రియ గ్రంథాలలో ఆర్కెలాన్ బొమ్మ లేనిది అరుదు. ప్రక్కన ఒక మనిషి బొమ్మ నిలబెట్టి ఈ తాబేలు ఎంత పెద్దదో చూపుతారు. బొమ్మ క్రింద సాధారణంగా మూడు మాటలు కనిపిస్తాయి. ఒకటి, భూమిమీద పుట్టిన తాబేళ్లన్నిటిలోకి ఇదే పెద్దది. రెండు, దీని వీపున గట్టి డిప్ప ఇంకా ఏర్పడలేదు. పక్కటెముకల చట్రం మీద తోలు కప్పి ఉండేది. మూడు, నేటి తోలుడిప్ప తాబేలుకు ఇది పూర్వీకురాలు.

ఈ మూడింటిలో మొదటిది చిన్న సవరణతో నిలుస్తుంది. రెండవ దానిలో "ఇంకా" అనే ఒక్క మాట తప్పు. కాని ఆ ఒక్క మాటతో పరిణామక్రమమే తలక్రిందులవుతుంది. మూడవది ఎముకలు చెప్పే సాక్ష్యానికి నిలవదు. ఇవి పట్టించుకోనక్కరలేని పొరపాట్లుగా తోచవచ్చు. అయితే జీవపరిణామం బోధించే ఉపాధ్యాయుడికి ఆర్కెలాన్ చక్కని ఉదాహరణ. ఆ ఉదాహరణను తప్పుగా చెబితే విద్యార్థికి ఒక తాబేలు సంగతి తప్పుగా తెలియడంతో పోదు. పోలికను చూసి చుట్టరికాన్ని ఎట్లా నిర్ణయించాలనే పద్ధతే తప్పుగా అబ్బుతుంది. అందుచేత ఈ ప్రజాతి నిర్మాణాన్ని, దాని వర్గీకరణ నడిచిన త్రోవను కొంత నిదానంగా పరిశీలించవలసి ఉన్నది.

డిప్ప అంటే ఏమిటి?

తాబేలు డిప్ప ఒక పెట్టె వంటిది. వీపువైపు ఉండేదాన్ని పృష్ఠకవచమనీ, పొట్టవైపు ఉండేదాన్ని ఉదరకవచమనీ అంటారు. పైకి కనిపించే నిగనిగలాడే పొలుసులు గోళ్లలో ఉండే పదార్థంతో తయారైనవి. వాటి క్రింద అసలైన ఎముక పలకలు ఉంటాయి. పొలుసుల అతుకులూ, ఎముక పలకల అతుకులూ ఒకదానిపై ఒకటి పడవు. శిలాజాలలో సాధారణంగా దొరికేవి ఎముకలే గనుక చర్చ అంతా వాటిని గురించినదే.

పృష్ఠకవచంలో నడుమ వెన్నెముకకు అతికి ఒక వరుస పలకలు, వాటికి ఇరుప్రక్కల పక్కటెముకలమీద వెడల్పుగా పరచుకున్న పలకలు, అంచున చుట్టూ మరొక వరుస ఉంటాయి. అంటే పక్కటెముకలు ఇతర జంతువులలో వలె డిప్ప లోపల వేరుగా లేవు. అవే వెడల్పై డిప్పలో భాగమైనవి. ఉదరకవచంలో సాధారణంగా తొమ్మిది ఎముకలుంటాయి: నాలుగు జతలు, నడుమ ముందువైపు ఒంటరిది ఒకటి.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన ముఖ్యమైన సంగతి ఒకటున్నది. సముద్రపు తాబేలు పిల్ల గుడ్డులోనుండి వచ్చేసరికి ఈ పలకలు నిండుగా ఉండవు. ఆంధ్ర తీరానికి, ఒడిశా తీరానికి ఏటా గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలునే తీసుకోవచ్చు. దాని పిల్లలో పొలుసుల క్రింద పక్కటెముకలు సన్నని పుల్లలవలె ఉంటాయి. వాటి నడుమ ఖాళీలు ఉంటాయి. పిల్ల పెరిగేకొద్దీ పక్కటెముకల మీది పలకలు వెన్నెముక దగ్గరనుండి అంచువైపుకు పాకుతూ ఆ ఖాళీలను పూడుస్తాయి. ఈ సంగతి క్రింద రాబోయే వాదానికంతకూ తాళంచెవి వంటిది.

కాన్సాస్ సుద్దరాళ్లలో

కథ ఆర్కెలాన్‌తో మొదలు కాలేదు. దాని దగ్గరి చుట్టమైన ప్రొటోస్టెగాతో మొదలైంది. క్రెటేషియస్ యుగంలో ఉత్తర అమెరికా ఖండం నడిబొడ్డున ఉత్తరంనుండి దక్షిణానికి ఒక సముద్రం పరచుకొని ఉండేది. ఆ సముద్రపు అడుగున పేరుకున్న సుద్ద నేడు కాన్సాస్ రాష్ట్రంలో గుట్టలుగా నిలిచి ఉన్నది. 1871లో ఎడ్వర్డ్ డ్రింకర్ కోప్ అనే శాస్త్రజ్ఞుడు అక్కడ ఒక పెద్ద తాబేలు ఎముకలను సంపాదించి దానికి ప్రొటోస్టెగా అని పేరు పెట్టాడు.

ఆ ఎముకలలో పక్కటెముకలు పొడవుగా, పలకలు లేకుండా విడివిడిగా ఉన్నాయి. వాటితోపాటు అంచులలో వ్రేళ్లవంటి కొనలు చాచుకున్న పెద్ద పలుచని పలకలు కూడా దొరికాయి. ఈ పలకలు వీపువైపువని, పక్కటెముకలకు అతకకుండా వాటి పైన చర్మంలో ఉండేవని కోప్ భావించాడు. పక్కటెముకలు వేరు, కవచం వేరు అన్నమాట. నేటి తోలుడిప్ప తాబేలులో కూడా అటువంటి ఏర్పాటే ఉన్నది: దాని వీపున వేలకొలది చిన్న ఎముక బిళ్లలు చర్మంలో పొదిగి ఉంటాయి, వాటి క్రింద పక్కటెముకలు విడిగా ఉంటాయి. ఈ రెండింటినీ ఒకచోట చేర్చి కోప్ తాబేళ్లలో ఒక ప్రత్యేక విభాగాన్ని ఏర్పరచాడు. ఇతర తాబేళ్లన్నీ ఒకవైపు, ఇవి రెండూ మరొకవైపు. డిప్ప పక్కటెముకలతో కలిసిపోకముందు తాబేళ్లు ఎట్లా ఉండేవో ఈ విభాగం చూపుతున్నదని ఆ కాలపు శాస్త్రజ్ఞులు కొందరు నమ్మారు. ప్రొటోస్టెగా అనే పేరుకే "మొదటి కప్పు" అని అర్థం.

తరువాత జార్జి బౌర్, ఆలివర్ హే అనే శాస్త్రజ్ఞులు ఈ వ్యాఖ్యానాన్ని పరీక్షించారు. ఆ వ్రేళ్ల కొనల పలకలు వీపువైపువి కావు, పొట్టవైపువి. జీవించి ఉన్న సముద్రపు తాబేళ్ల ఉదరకవచాన్ని ప్రక్కన పెట్టి చూస్తే నడిమి రెండు జతల ఎముకలు సరిగ్గా ఇటువంటి కొనలతోనే ఉంటాయి. ప్రొటోస్టెగాలో అవి మరీ పెద్దవై నక్షత్రాల ఆకారం తాల్చాయి; అంతే తేడా. దీనితో "పక్కటెముకలకు పైన వేరుగా ఉండే కవచం" అనేది ప్రొటోస్టెగాకు లేనేలేదని తేలింది. తోలుడిప్ప తాబేలుతో దానిని కలిపిన ప్రధాన సాక్ష్యం ఆ విధంగా జారిపోయింది.

కోప్‌ను తక్కువ చేయనక్కరలేదు. విడివిడిగా దొరికిన ఎముకలతో, పోల్చడానికి మరో నమూనా లేకుండా, ఆయన ఒక కొత్త కుటుంబాన్నే గుర్తించగలిగాడు. ఆ గుర్తింపు నేటికీ నిలిచి ఉన్నది. నిలవనిది ఎముకల స్థానం గురించి ఆయన చేసిన ఊహ. వర్గీకరణలో ప్రతి మెట్టూ ఒక ఎముక పేరు మీద, ఒక ఎముక స్థానం మీద ఆధారపడి ఉంటుందనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. పొట్ట ఎముక వీపు ఎముకగా పొరబడితే ఒక క్రమమే తారుమారవుతుంది. పేరుపెట్టే నియమాల ప్రకారం మొదట పెట్టిన పేరు మారదు గనుక "మొదటి కప్పు" అనే పేరు మాత్రం అట్లాగే ఉండిపోయింది. పేరు అర్థాన్ని సాక్ష్యంగా తీసుకొనే విద్యార్థి ఇక్కడ మోసపోతాడు.

వీలండ్ వర్ణించిన ప్రజాతి

1895లో దక్షిణ డకోటా రాష్ట్రంలో షయాన్ నది ఒడ్డున పియర్ షేల్ అనే బంకరాతి పొరలలో జార్జి రీబర్ వీలండ్ ఒక పెద్ద తాబేలు అస్థిపంజరాన్ని కనుగొన్నాడు. 1896లో దానిని ఆర్కెలాన్ ఇస్కైరోస్ అనే పేరుతో వర్ణించాడు. ఇస్కైరోస్ అంటే బలిష్ఠమైనదని అర్థం. ఆ మొదటి అస్థిపంజరం పుర్రె లేకుండా దొరికింది. పుర్రె గల నమూనాలు తరువాత లభించి వర్ణన పూర్తయింది. మొదటి నమూనా నేడు అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు పీబాడీ మ్యూజియంలో ఉన్నది. ఆర్కెలాన్ జీవించినది ఇంచుమించు 7.5 కోట్లనుండి 8 కోట్ల ఏండ్ల క్రితం.

దాని నిర్మాణంలో ముఖ్యాంశాలు ఇవి. పక్కటెముకలు పొడవైనవి, బలమైనవి; వాటి మీద ఉండవలసిన పలకలు వెన్నెముక దగ్గర కొద్దిపాటిగా మాత్రమే మిగిలి ఉన్నాయి. అందుచేత పక్కటెముకల నడుమ పెద్ద ఖాళీలు ఉన్నాయి. ఉదరకవచం మాత్రం చిన్నది కాదు. నక్షత్రాల వంటి నాలుగు పెద్ద పలకలు దాని ముఖ్యభాగం. పై దవడ కొన డేగముక్కువలె క్రిందికి వంగి ఉన్నది. ముందు కాళ్లు పొడవైన తెడ్లుగా మారినవి. భుజంనుండి మోచేతివరకు ఉండే భుజాస్థి వెడల్పై, బల్లపరుపై ఉన్నది. కండరాలు పట్టుకొనే బొడిపె కీలు దగ్గరనుండి ఎముక నడుమ వైపుకు జరిగింది. తెడ్డువేసే జంతువుకు ఈ మార్పు ఎంతో ఉపయోగం: బొడిపె కీలుకు ఎంత దూరమైతే కండరానికి అంత పట్టు దొరుకుతుంది.

మొదటి అస్థిపంజరంలో మరొక విశేషమున్నది. కుడి వెనుక కాలు చివరి భాగం లేదు. చిన్నతనంలోనే ఏదో సముద్ర జంతువు దానిని కొరికివేసి ఉంటుందనీ, తాబేలు ఆ గాయంతోనే పెరిగి పెద్దదైందనీ వీలండ్ నిర్ణయించాడు. ఎముకలు వంశాన్నే కాక ఒక్కొక్క జీవి బ్రతుకును కూడా చెప్పగలవనడానికి ఇది తార్కాణం.

వీలండ్ పనిలో మెచ్చదగినది పరిమాణాన్ని చూసి మురిసిపోకపోవడం. నేలతాబేళ్లు మొదలు సముద్రపు తాబేళ్లవరకు భుజాస్థి ఎట్లా మెట్లుమెట్లుగా మారుతూ వచ్చిందో ఆయన 1900లో ఒక ప్రత్యేక వ్యాసంలో పరిశీలించాడు. ఒక ప్రజాతిని వర్ణించి ఊరకోక, దాని ఎముకను ఇతర ప్రజాతుల అదే ఎముకతో వరుసగా పోల్చి చూడడమే సరైన పద్ధతి. అయితే కొత్త నమూనా దొరికినప్పుడల్లా కొత్త జాతిపేరు పెట్టే ఆనాటి అలవాటు ఆయనకూ తప్పలేదు. ఆయన పెట్టిన ఆర్కెలాన్ మార్షీ అనే పేరు అటువంటిదే. తరువాతివారు దానిని మొదటి జాతిలోనే కలిపివేశారు.

"ఇంకా" అనే మాట

ఇప్పుడు బొమ్మ క్రింది రెండవ వాక్యానికి రావచ్చు. ఆర్కెలాన్ వీపున పలకలు తక్కువ అన్నమాట నిజమే. అవి ఇంకా ఏర్పడలేదనడం మాత్రం కాలక్రమానికే విరుద్ధం. నిండైన డిప్పగల ప్రొగానోకెలిస్ అనే తాబేలు శిలాజాలు ట్రయాసిక్ యుగానికి చెందినవి. వాటి వయస్సు 21 కోట్ల ఏండ్లు. అంటే ఆర్కెలాన్ పుట్టడానికి 13 కోట్ల ఏండ్ల ముందే తాబేళ్లకు పూర్తి డిప్ప ఉన్నది. తాత ఇంట్లో ఉన్న మిద్దె మనుమడి ఇంట్లో లేకపోతే అది ఇంకా కట్టలేదని ఎవరూ అనరు, కూలిందనే అంటారు.

డిప్ప నిజంగా ఏర్పడుతున్న దశ ఎట్లా ఉంటుందో చూపే శిలాజం కూడా లేకపోలేదు. 2008లో చైనాలోని గ్వీజౌ ప్రాంతంనుండి వర్ణించిన ఒడొంటోకెలిస్ 22 కోట్ల ఏండ్ల నాటిది. దాని ఉదరకవచం పూర్తిగా ఉన్నది. వీపున వెన్నెముక వెంట పలకలు, కాస్త వెడల్పైన పక్కటెముకలు మాత్రమే ఉన్నాయి. దాని దవడలకు పళ్లు కూడా ఉన్నాయి. ఆర్కెలాన్‌కు పళ్లు లేవు, ముక్కు ఉన్నది. పైపైన చూస్తే రెండింటి వీపులూ ఒకటే అనిపిస్తుంది. ఒకటి ఎక్కుతున్న మెట్టు, మరొకటి దిగుతున్న మెట్టు. మెట్టు ఒకటే అయినా దిశ వేరు.

దిగడం ఎట్లా జరిగింది? దీనికి రిడ్లే తాబేలు పిల్ల సమాధానం చెబుతుంది. పిల్లలో సహజంగా ఉండే ఖాళీలు పెద్దయ్యేసరికి పూడిపోవాలి. ఆ పూడిక మధ్యలోనే ఆగిపోతే పిల్లదశలోని డిప్ప పెద్ద తాబేలులో మిగిలిపోతుంది. ఆర్కెలాన్ డిప్ప ఇంచుమించు ఆ రకమైనదే. ఇందుకోసం కొత్త అవయవం ఏదీ పుట్టనక్కరలేదు. ఉన్న ఎదుగుదల త్వరగా ఆగితే చాలు. నడిసముద్రంలో ఈదే జంతువుకు బరువు తగ్గడం లాభం గనుక ప్రకృతివరణం ఇటువంటి మార్పును నిలిపి ఉంచిందని ఊహించవచ్చు.

లేమిలో పోలిక చుట్టరికం కాదు

మూడవ వాక్యం తోలుడిప్ప తాబేలును గురించినది. ఈ తాబేలుకు శాస్త్రీయంగా డెర్మోకెలిస్ అని పేరు. భారతదేశంలో గ్రేట్ నికోబార్ దీవి ఇది గుడ్లు పెట్టే ముఖ్యమైన చోట్లలో ఒకటి. నేడు జీవించి ఉన్న తాబేళ్లలో ఇదే పెద్దది. పెద్దదే, వీపున వెడల్పు పలకలు లేనిదే గనుక ఆర్కెలాన్ సంతతి అయి ఉంటుందన్నది జనప్రియ వాదం.

ఈ వాదంలో పోలికగా చూపుతున్నది ఏమిటి? రెండింటికీ ఉన్నది కాదు, రెండింటికీ లేనిది. ఒక అవయవం లేకపోవడం అనేక వంశాలలో విడివిడిగా జరగవచ్చు. నెదర్లాండ్స్‌లో మాస్ట్రిక్ట్ ప్రాంతపు రాళ్లలో దొరికే ఆల్లోప్లూరాన్ అనే క్రెటేషియస్ తాబేలుకు కూడా పక్కటెముకల నడుమ పెద్ద ఖాళీలున్నాయి. అయినా దానిని మామూలు సముద్రపు తాబేళ్ల వైపే చేరుస్తారు. సముద్రం దాకా పోనక్కరలేదు. గోదావరి, కృష్ణ నదులలో ఉండే మెత్తడిప్ప తాబేలుకు అంచు పలకలు లేవు, పక్కటెముకల కొనలు పలకలు దాటి బయటికి పొడుచుకొని ఉంటాయి, పైన పొలుసులకు బదులు చర్మం ఉంటుంది. ఇన్ని లోపించినంతమాత్రాన దానిని ఆర్కెలాన్ చుట్టమని ఎవరూ అనరు. నిర్మాణసామ్యానికీ, క్రియాసామ్యానికీ భేదం చెప్పే పాఠానికి ఇది సరైన చోటు.

ఇక తోలుడిప్ప తాబేలుకు ఉన్నదాన్ని చూస్తే సంగతి మరీ స్పష్టం. దాని వీపున ఉన్న వేలకొలది బిళ్లలు ఆర్కెలాన్‌లో లేవు. అవి పాత పలకలు ముక్కలైనవి కావు. పాతవి పోయిన తరువాత చర్మంలో కొత్తగా ఏర్పడినవి. బెల్జియం శాస్త్రజ్ఞుడు లూయీ డొల్లో ఈ విషయాన్ని 20వ శతాబ్ది మొదట్లోనే ఎత్తిచూపాడు. పరిణామంలో ఒకసారి పోగొట్టుకొన్న అవయవం మళ్లీ అదే రూపంలో తిరిగిరాదన్నది ఆయన సూత్రం. రక్షణ మళ్లీ అవసరమైనప్పుడు తోలుడిప్ప తాబేలు వంశానికి పాత పలకలు రాలేదు, వేరొక పదార్థంతో వేరొక కప్పు వచ్చిందని ఆయన వివరించాడు. ఈ వంశం తీరానికీ నడిసముద్రానికీ మధ్య ఎన్నిసార్లు తిరిగిందన్న విషయంలో ఆయన కల్పించిన కథ అతిగా తోచవచ్చు. కాని బిళ్లలు కొత్తవన్న మూలవాదం గట్టిది.

అన్నిటికంటె నిర్ణాయకమైన సాక్ష్యం జపాన్‌నుండి వచ్చింది. హొక్కైడో దీవిలోని క్రెటేషియస్ రాళ్లనుండి 1996లో మెసోడెర్మోకెలిస్ అనే ప్రజాతిని వర్ణించారు. ఇది తోలుడిప్ప తాబేలు కుటుంబానికి చెందినది. దీని వీపున మామూలు తాబేళ్లవలె నడిమి పలకలు, పక్కటెముకల పలకలు, అంచు పలకలు ఉన్నాయి; చిన్న బిళ్లలు లేవు. అంటే ఆర్కెలాన్ బ్రతికిన యుగంలోనే తోలుడిప్ప తాబేలు వంశం వేరుగా ఉన్నది. దానికి అప్పటికి పలకల డిప్పే ఉన్నది. డిప్ప అంతగా తరిగిపోయిన ఆర్కెలాన్ దానికి పూర్వీకురాలు కావడం అసాధ్యం. రెండు వంశాలూ డిప్పను విడివిడిగా తగ్గించుకొన్నాయి.

చుట్టరికం ఎంత దూరం?

పూర్వీకురాలు కాదనడం వేరు, చుట్టం కాదనడం వేరు. ఆర్కెలాన్, ప్రొటోస్టెగాలు గల ప్రొటోస్టెగిడే కుటుంబం ఒక సహజమైన వర్గమన్న విషయంలో పెద్ద తగవు లేదు. నక్షత్రాకారపు ఉదర పలకలు, ముందువైపుకు వంగిన రత్ని, చెంప ఎముక వెనుకకు సాగి దవడకీలు ఎముకను తాకడం వంటి లక్షణాలు దానిని గుర్తుపట్టిస్తాయి. 1953లో రైనర్ జాంగర్ల్ ఈ కుటుంబాన్ని ఉపకుటుంబాలుగా విభజించి ఆర్కెలాన్‌ను, ప్రొటోస్టెగాను ఒకే దానిలో ఉంచాడు. తగవు అంతా ఈ కుటుంబం తాబేళ్ల వంశవృక్షంలో ఎక్కడ అతుకుతుందన్నదే.

1998లో రెన్ హిరయామా బ్రెజిల్‌నుండి సాంటానాకెలిస్ అనే 11 కోట్ల ఏండ్ల నాటి చిన్న తాబేలును వర్ణించాడు. జానెడు పొడవుండే ఈ తాబేలు కూడా ప్రొటోస్టెగిడే కుటుంబానిదే. దాని కంటి ప్రక్కన ఉప్పును బయటికి పంపే పెద్ద గ్రంథికి తగిన ఖాళీ ఉన్నది. కాని కాలివ్రేళ్లు ఇంకా కదిలే కీళ్లతో ఉన్నాయి, తెడ్డు పూర్తిగా ఏర్పడలేదు. ఉప్పునీటికి శరీరం ముందు అలవాటుపడి, కాళ్లు తరువాత మారాయన్నమాట. హిరయామా ఈ కుటుంబాన్ని తోలుడిప్ప తాబేలు వైపు చేర్చాడు. 2007లో వాల్టర్ జాయిస్ దీనికి భిన్నమైన ఫలితం చెప్పాడు: సాంటానాకెలిస్ నేటి సముద్రపు తాబేళ్ల శాఖలోనే లేదు, చాలా క్రింద విడిపోయింది. అదే నిజమైతే తాబేళ్లు సముద్రంలోకి దిగి తెడ్లు సంపాదించడం ఒకటి కంటె ఎక్కువసార్లు జరిగిందనుకోవాలి. 2019లో సెర్యోషా ఎవర్స్, రోజర్ బెన్సన్ జీవించిన, అంతరించిన తాబేళ్ల పుర్రెలను కంప్యూటర్ ఎక్స్‌రేలతో పొరలుపొరలుగా పరిశీలించి, ఈ కుటుంబాన్ని మళ్లీ సముద్రపు తాబేళ్లలోనే, తోలుడిప్ప తాబేలు కొమ్మ వైపే నిలిపారు. సముద్రంలోకి విడిగా దిగిన ఇతర తాబేళ్లు ఉన్నాయనీ, నడిసముద్రపు జీవనం మాత్రం ఈ ఒక్క శాఖలోనే అబ్బిందనీ వారి నిర్ణయం.

ఈ వాదాలలో దేనికి బలం ఎక్కువ? తెడ్డు, తరిగిన డిప్ప వంటి ఈత లక్షణాలను లెక్కలో ఎక్కువగా వేస్తే సముద్రంలో ఉండే ప్రతి తాబేలూ మరొకదానికి చుట్టమవుతుంది. జాయిస్ ఫలితం ఈ ప్రమాదాన్ని గుర్తుచేసింది; అదే దాని విలువ. ఎవర్స్, బెన్సన్‌ల పని బలం మరొకచోట ఉన్నది. పుర్రె లోపల ధమనులు, నరాలు పోయే సన్నని సొరంగాల అమరికకు ఈతతో నేరుగా సంబంధం తక్కువ. అటువంటి లక్షణాలలో పోలిక కనిపిస్తే అది చుట్టరికమే కావడానికి ఎక్కువ అవకాశమున్నది. ఆ కారణంగా వారి నిర్ణయం ప్రస్తుతానికి మేలైనదని చెప్పవచ్చు.

అయితే దానికీ ఒక చిక్కు ఉన్నది. కొలంబియాలో దొరికి, 2015లో వర్ణింపబడిన డెస్మటోకెలిస్ పడిల్లై అనే తాబేలు ఇదే కుటుంబానిది. దాని వయస్సు 12 కోట్ల ఏండ్లు. ఈ కుటుంబం తోలుడిప్ప తాబేలు కొమ్మకు చెందితే, ఆ కొమ్మ మిగిలిన సముద్రపు తాబేళ్లనుండి అంతకంటె ముందే విడిపోయి ఉండాలి. జీవించి ఉన్న తాబేళ్ల జన్యువులను పోల్చి కట్టిన లెక్కలు మాత్రం ఆ చీలికను తరువాతి కాలానికి చూపుతాయి. రాయి ఒక తేదీ, నెత్తురు ఒక తేదీ చెబుతున్నప్పుడు తీర్పు పూర్తయిందనడం తొందరపాటు. ఏ వాదం గెలిచినా ఆర్కెలాన్ తోలుడిప్ప తాబేలుకు తల్లి కాదు. దగ్గరి చుట్టమైతే అంతరించిన ఒక పెదతల్లి, కాకపోతే దూరపు బంధువు.

పరిమాణం మాట

చివరికి మొదటి వాక్యం. ఆస్ట్రియాలో వియన్నా నగరపు ప్రకృతిశాస్త్ర మ్యూజియంలోని ఆర్కెలాన్ తలనుండి తోకవరకు సుమారు 4.5 మీటర్లుంటుంది, వీలండ్ మొదటి నమూనా సుమారు మూడున్నర మీటర్లు. ఇంత పెద్ద సముద్రపు తాబేలు మరొకటి తెలియదు. కాని "తాబేళ్లన్నిటిలోకి" అన్నప్పుడు దేన్ని కొలుస్తున్నామో చెప్పాలి. దక్షిణ అమెరికాలో మంచినీటిలో బ్రతికిన స్టుపెండెమిస్ అనే తాబేలు డిప్ప ఒక్కటే 2.4 మీటర్లున్నట్లు 2020లో ప్రకటించారు. డిప్పను కొలిస్తే ఆర్కెలాన్‌కు ఇది గట్టి పోటీ. తలను, తోకను కలిపి కొలిస్తే ఆర్కెలాన్‌దే పైచేయి. బరువు విషయంలో చెప్పేవన్నీ అంచనాలు. ఎముకలను తూచి తెచ్చిన లెక్కలు కావు.

తరగతిలో

ఉపాధ్యాయుడు ఈ ప్రజాతిని పాఠంలోకి తెచ్చేటప్పుడు మూడు ప్రశ్నలు వేయించడం మంచిది. ఈ ఎముక శరీరంలో ఎక్కడిది? ఈ లక్షణం కొత్తగా వచ్చినదా, ఉన్నది పోయినదా? రెండు జంతువుల పోలిక ఉన్నదానిలోనా, లేనిదానిలోనా? కోప్ మొదటి ప్రశ్న దగ్గర తప్పాడు. బొమ్మల క్రింది రెండవ వాక్యం రెండవ ప్రశ్న దగ్గర తప్పుతుంది. మూడవ వాక్యం మూడవ దాని దగ్గర. కళాశాల మ్యూజియంలో సముద్రపు తాబేలు డిప్ప ఉంటే లోపలివైపు త్రిప్పి పక్కటెముకలను చూపితే ఈ చర్చ సగం తేలికవుతుంది. తీరానికి వచ్చే తాబేళ్లను గాని, వాటి గుడ్లను గాని ముట్టరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి రక్షణ కల్పించింది.

బొమ్మ క్రింది వాక్యాలను ఇట్లా దిద్దుకోవచ్చు: "ఆర్కెలాన్, తెలిసిన సముద్రపు తాబేళ్లన్నిటిలోకి పెద్దది. నిండు డిప్పగల పూర్వీకులనుండి పుట్టి, వీపు పలకలను చాలావరకు పోగొట్టుకొన్నది. తోలుడిప్ప తాబేలుకు చుట్టం కావచ్చు, పూర్వీకురాలు కాదు." పాత వాక్యాలకంటె ఇవి పొడవేమీ కాదు, విద్యార్థి తరువాత మరచిపోవలసిన మాట వీటిలో ఒక్కటీ లేదు.